ఫెలోషిప్ అంటే పరిశోధనకు కూలి

సైన్సులో పరిశోధన చెయ్యాలనుకునేవాళ్ల కోసం ఏటా రెండుసార్లు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష పెడతారు. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ కొట్టి పీహెచ్‌డీలో చేరినవాడికి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు ఇవ్వాలి. 2023 జనవరి నుంచి ఇవీ రేట్లు. ఇంటద్దె వేరే. ఎస్సీ, ఎస్టీలకు ఎమ్మెస్సీలో 50 శాతం మార్కులుంటే పరీక్ష రాయొచ్చు. ఈ సంగతి మన మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఎంతమందికి తెలుసు?

ఎమ్మెస్సీ పాసైన మన పిల్లలు ఏ ప్రైవేటు కాలేజీలోనో చాలీచాలని జీతానికి గొంతు చించుకుంటున్నారు. తెలివి లేకనా? కాదు. నెట్ అనే పరీక్ష ఒకటుందని చెప్పే మేనమామ లేడు. ఏ ల్యాబులో ఏ పని జరుగుతోందో చెప్పే పెద్దన్న లేడు. అగ్రవర్ణాల ఇళ్లల్లో ఈ కబుర్లు అన్నాల దగ్గరే వినపడతాయి. మన ఇళ్లల్లో అన్నాల దగ్గర మాట్లాడుకునేది రేపటి కూలి గురించి. ఆ తేడాకే వాళ్లు ప్రతిభ అని పేరు పెట్టుకున్నారు. పైగా ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ తప్ప ఉండదు. సర్కారు బడిలో తెలుగులో చదివొచ్చిన పిల్ల ఫిజిక్సుతోనూ కుస్తీ పట్టాలి, భాషతోనూ పట్టాలి.

'ఇంకో ఐదేళ్లు చదువంటే ఇల్లెట్టా గడుస్తుందిరా?' అని తల్లి అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఫెలోషిప్. చేలో పనికి కూలి ఎట్లాగో, ల్యాబులో పనికి ఫెలోషిప్ అట్లాగ. ఎవరి దయాధర్మమూ కాదు.

ఆ డబ్బు ఆగితే ఏమవుతుందో బాబాసాహెబ్ జీవితమే చెబుతుంది. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా యూనివర్సిటీకి వెళ్లాడు. 1917లో దాని గడువు తీరింది, లండన్ చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. కూడబెట్టిందీ అప్పు తెచ్చిందీ పట్టుకుని 1920లో మళ్లీ వెళ్లి, 1923లో డీఎస్సీ సాధించాడు. అంతటి మేధావికే డబ్బు లేక చదువు ఆగింది. మన పిల్లల సంగతి చెప్పాలా?

ఎస్సీ పరిశోధకుల కోసం 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో ప్రత్యేక ఫెలోషిప్ వచ్చింది. ఇప్పుడది జాతీయ ఫెలోషిప్. ఏటా 2,000 మందికి ఇవ్వాలి. అందులో సైన్సుకు 500 మాత్రమే. మొదట్లో పీజీ మార్కుల్ని బట్టి ఇచ్చేవారు. తర్వాత దానికీ నెట్ గడపే పెట్టారు. పెద్ద గడప దాటలేని వాళ్ల కోసం వేరే దారి వేశామని చెప్పి, ఆ దారిని కూడా అదే గడపలోకి తిప్పారు. ఇదెక్కడి న్యాయం?

గడప దాటినా కష్టాలు తీరవు. యూనివర్సిటీ ధ్రువీకరిస్తే తప్ప డబ్బు కదలదు. గైడు సంతకం పెట్టాలి, ఆఫీసు ఫైలు పంపాలి. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధకుడు సెంథిల్ కుమార్‌ను పోగొట్టుకున్నాం. గైడు దొరక్క అతను పడ్డ అవస్థ మరిచిపోలేం. అదే యూనివర్సిటీలో 2016 జనవరిలో రోహిత్ వేముల వెళ్లిపోతూ, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉందని రాసిపెట్టాడు. చేసిన పనికి కూలి ఎగ్గొట్టడం ఊళ్లో దొరలకే కాదు, చదువుల కోటలకూ అలవాటే.

కాబట్టి ఈ దరఖాస్తును ఒక్కొక్కడి సొంత గొడవగా వదిలెయ్యకూడదు. ఉద్యోగాల్లో కుదురుకున్న మనవాళ్లు, ముఖ్యంగా టీచర్లు, తమ మండలంలో ఎమ్మెస్సీ చదువుతున్న ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ లెక్క తియ్యాలి. కుల ధ్రువీకరణ పత్రం ముందే తెప్పించాలి. గడువు దాటకుండా దగ్గర కూర్చుని దరఖాస్తు నింపించాలి. పాత ప్రశ్నపత్రాలు సేకరించి, సెలవుల్లో హాస్టల్లోనే తరగతులు పెట్టాలి. ఇప్పటికే పరిశోధనలో ఉన్నవాళ్లు కొత్తవాళ్లకు ఏ గైడు ఎట్లాంటివాడో చెప్పాలి. డబ్బు ఆగితే నోటిమాటతో సరిపెట్టుకోక, కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోవాలి. సంఘం ఆ కాగితం వెంట నడవాలి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి మూడు: నెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇవ్వాలి. సైన్సులో 500 సంఖ్య పెంచాలి. ఫెలోషిప్ నెలనెలా ఒకటో తారీకున చేతిలో పడాలి. ఇవి తేలేదాకా అడుగుదాం. ఈలోగా మన పిల్లల దరఖాస్తు ఒక్కటి కూడా ఆగకుండా చూద్దాం.

జై భీమ్!