గేటు శక్కర్‌నగర్‌ల, అడ్రస్ హైదరాబాద్‌ల



మా ఎడపల్లి తమ్ముడు ఒకడు నిజామాబాద్‌లో బీకాం చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, కంపెనీ చట్టంలో రిజిస్టర్డ్ ఆఫీస్ మార్చే పద్ధతి అని ఒక పాఠం ఉంది. పరీక్షకైతే చదువుతా గానీ, మనసోంటోళ్లకు దీంతో ఏం పని?"

మంచి ప్రశ్న. పరీక్షకు సరిపోయే జవాబు వాడి గైడులో ఉంది. మనకు పనికొచ్చే జవాబు మా ఊరి నుంచి బోధన్ పోయే తొవ్వలో, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంది. ఈ భాగంలో ముచ్చట అదే.

ముందు గైడులో ఉన్నది చెప్పుకుందాం. కొంచెం ఓపిక పట్టండి, తర్వాత పనికొస్తది.

రిజిస్టర్డ్ ఆఫీస్ అంటే చట్టం దృష్టిలో కంపెనీ ఇల్లు. ఫ్యాక్టరీ ఇంకెక్కడైనా ఉండొచ్చు, గోదాములు పది జిల్లాల్లో ఉండొచ్చు. కానీ బాకీ కోసం పంపే నోటీసు అక్కడికి చేరితే కంపెనీకి చేరినట్టే లెక్క. వాటాదార్ల రిజిస్టరు మామూలుగా అక్కడే ఉండాలి. వాటాదార్ల వార్షిక సమావేశం ఆ ఊళ్లోనే జరగాలి. కంపెనీ దివాలా తీస్తే ఏ ట్రిబ్యునల్ బెంచ్ ముందుకు పోవాలో కూడా ఆ అడ్రసే తేలుస్తది.

ఆ అడ్రస్ మార్చాలంటే 2013 కంపెనీల చట్టంలో మూడు మెట్లు ఉన్నాయి. ఉన్న ఊళ్లోనే ఇంకో వీధికి పోవాలంటే డైరెక్టర్ల తీర్మానం చాలు. 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు ఐఎన్‌సీ-22 ఫారం పంపాలి. దాంతో పాటు కిరాయి కాగితం, ఇంటి ఓనర్ ఒప్పుకోలు, రెండు నెలలు దాటని కరెంటు బిల్లు లాంటి ఆధారాలు పెట్టాలి. ఊరి హద్దు దాటాలంటే వాటాదార్ల ప్రత్యేక తీర్మానం కావాలి. అంటే వద్దన్న ఓట్లకు కనీసం మూడింతలు సరేనన్న ఓట్లు పడాలి. రాష్ట్రమే దాటాలంటే సెక్షన్ 13 కింద కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. స్థానిక భాష పత్రికలో ఒకటి, ఇంగ్లీషు పత్రికలో ఒకటి ప్రకటన వేయాలి. అప్పులిచ్చినోళ్లకు నోటీసు పోవాలి. రాష్ట్ర ప్రధాన కార్యదర్శికీ కాగితం పోవాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ మూడో మెట్టులో ఇంకో కాగితం ఉంది. ఆఫీసు వేరే రాష్ట్రానికి మారినందువల్ల ఒక్క ఉద్యోగినీ తీసేయబోమని డైరెక్టర్లు ప్రమాణపత్రం ఇవ్వాలి. అప్పులోళ్లతో పాటు కంపెనీతో సంబంధం ఉన్న ఇతరులు కూడా ఒప్పుకున్నారా, వాళ్ల బాకీకి దారి చూపించారా అన్నది కూడా కేంద్రం చూడొచ్చు.

అంటే చట్టం చేసినోళ్లకు సంగతి తెలుసు. పైకి కాగితం మీద నాలుగు లైన్ల మార్పే కనిపిస్తది గానీ, దాని కింద మనుషుల నౌకరీలు ఉంటాయని తెలుసు. కానీ ఆ తెలివి రాష్ట్ర సరిహద్దు దగ్గరే మేల్కొంటది. బోధన్‌కు, హైదరాబాద్‌కు నడుమ దాదాపు 200 కిలోమీటర్లు ఉన్నాయి, రాష్ట్ర సరిహద్దు లేదు. అందుకని ఆ ప్రమాణపత్రం మనకు ఎప్పుడూ దక్కలేదు.

ఇప్పుడు గేటు దగ్గరికి పోదాం.

నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో ఈ నేల మీదికి చెరకు వచ్చింది. 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. చుట్టూ లేచిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరు పడింది. ఊరి పేరే చక్కెర. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మా పెద్దోళ్లు ఛాతీ ఉబ్బించి చెప్పేవాళ్లు.

ఆ ఛాతీ కింద ఎవరి ఎముకలు ఉన్నాయో కూడా చెప్పుకోవాలె కదా. చెరకు నరికిన చేతులు, మోపులు మోసిన నెత్తులు, బండ్లు తోలినోళ్లు, యార్డులో దించినోళ్లు, సీజన్ దాకే పని దొరికినోళ్లు, వీళ్లలో మాల మాదిగ వాడల జనం ఎంతో మంది. మా వాడల్లో ముసలోళ్లు ఇప్పటికీ సంవత్సరాలను అంకెలతో చెప్పరు. "క్రషింగ్ మంచిగ నడిచిన యేడు", "గేటు బంద్ పెట్టిన యేడు" అంటారు. బతుకంతా ఆ గేటు చుట్టూ తిరిగింది. కంపెనీ ఇల్లు మాత్రం హైదరాబాద్‌లో ఉంది.

2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లను నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ అనే కొత్త ఉమ్మడి కంపెనీ కిందికి తెచ్చింది. 51 శాతం డెల్టా పేపర్ మిల్స్ చేతికి పోయింది, 49 శాతం సర్కారుకు మిగిలింది. గేటు మారలేదు, మిషన్లు మారలేదు, పొగగొట్టం మారలేదు. కాగితం మీద యజమాని మారాడు. అడ్రస్ మార్చడంలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే: కంపెనీనే మార్చేయడం. దానికి ఐఎన్‌సీ-22 ఫారం అక్కర్లేదు.

2015 డిసెంబర్ 23న మూడు యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు. కార్మికులు జీతాల బాకీ కోసం ఏళ్ల తరబడి టెంట్లు వేసుకుని కూర్చున్నారు. కేసు హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. 2019లో లిక్విడేషన్ ఆదేశం వచ్చింది. గేటు ముందు కూర్చున్నోళ్ల భవిష్యత్తును గేటు చూడని గదిలో తేల్చారు.

దివాలా చట్టం కార్మికులను పూర్తిగా మరిచిందని నేను అనను. సెక్షన్ 53 ప్రకారం లిక్విడేషన్ ఖర్చుల తర్వాత, ఆఖరి 24 నెలల కార్మికుల బాకీలు తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానంగా నిలుస్తాయి. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులు అమ్మకపు సొమ్ములో కలపకూడదు. కానీ క్లెయిమ్ వేయడానికి గడువు 30 రోజులు. ఆధారం చూపించాలి. పేరు ఎక్కడో ఒక రిజిస్టర్‌లో ఉండాలి. పర్మనెంట్ కార్మికుడికి జీతం చీటీ ఉంటది. చెరకు నరికినోడి లెక్క మేస్త్రి నోటుబుక్కులో ఉంటది. ఆ నోటుబుక్కు ఏ రిజిస్టర్డ్ ఆఫీసులోనూ ఉండదు. మన ఓటమి లిక్విడేషన్ నాడు మొదలు కాలేదు. రిజిస్టర్‌లోకి ఎక్కని నాడే మొదలైంది.

అడ్రస్ అనే మాట మన వాడల్లో ఎట్లా ఉంటదో కూడా చూడండి. కంపెనీ ఒక కరెంటు బిల్లు, ఒక ఒప్పుకోలు చీటీతో ఇల్లు మారుస్తది. మన ఇంటి కరెంటు బిల్లు చచ్చిపోయిన తాత పేరు మీద ఉంటది, ఇంటి జాగకు పట్టా ఉండదు. ఫారంలో వాడ పేరు రాస్తే కులం రాసినట్టే. సాలూర దాటితే మహారాష్ట్ర. కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని అక్కడి క్యాబినెట్ 2020లో నిర్ణయించింది. 1950లో రాజ్యాంగం అమలైతే, అడ్రస్‌లోంచి కులం తీయాలన్న నిర్ణయానికి ఇంకో 70 ఏళ్లు పట్టింది. కంపెనీకి 30 రోజుల పని.

సరే, ఇప్పుడు అసలు మాట.

2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. నిజాం షుగర్స్‌ను మళ్లీ తెరిపిస్తామన్నది వాగ్దానం. తెరవాలని మనందరం అడుగుతున్నాం. ఎన్ని టన్నుల క్రషింగ్, ఇథనాల్ ఉంటదా, చెరకు ఎక్కడ నుంచి వస్తది, ఈ ప్రశ్నలన్నీ అడుగుతున్నాం. ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినపడదు: తెరిచే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీస్ ఎక్కడ?

నా మాట సూటిగా చెప్తా. అది బోధన్‌లో ఉండాలి.

"కాగితం మీద అడ్రస్ మారితే చెరకు పండుతదా అన్నా?" అని అడిగే మిత్రులు ఉన్నారు. పండదు. ట్రిబ్యునల్ బెంచ్ హైదరాబాద్‌లోనే ఉంటది, కంపెనీల రిజిస్ట్రార్ కూడా అక్కడే ఉంటాడు. అడ్రస్ దగ్గర ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ బతుకుతుందనీ అనను. సారంగాపూర్‌లోని నిజామాబాద్ సహకార చక్కెర ఫ్యాక్టరీ మన జిల్లాలోదే. అది కూడా మూతపడింది. పైగా చెరకు సహకార ఫ్యాక్టరీల్లో సభ్యత్వం చెరకు పండించేటోడికి. చెరకు పండించాలంటే భూమి కావాలి. భూమి ఏ కులాల చేతుల్లో ఉందో నేను చెప్పక్కర్లేదు. అడ్రస్ జిల్లాకు వచ్చినా వాడకు రాలేదు.

అయినా అడ్రస్ బోధన్‌కు రావాలని ఎందుకు అంటున్నానంటే, దానితో పాటు కొన్ని హక్కులు నడిచొస్తాయి.

వాటాదార్ల రిజిస్టరును వాటా లేనోళ్లు కూడా ఫీజు కట్టి చూడొచ్చు. బోధన్‌లో ఉంటే మన పోరగాళ్లు పొద్దున పోయి మధ్యాహ్నానికి చూసి వస్తారు. కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్ బయట బోర్డు మీద ఆ ప్రాంతంలో నడిచే భాష లిపిలో కూడా రాయాలి. ఈ నిబంధనలు తప్పితే రోజుకు వెయ్యి రూపాయల చొప్పున లక్ష దాకా జరిమానా ఉంది. కంపెనీ నడవడం లేదని రిజిస్ట్రార్‌కు అనుమానం వస్తే రిజిస్టర్డ్ ఆఫీసును తనిఖీ చేయొచ్చు. ఆ తనిఖీకి ఆ ప్రాంతంలోని ఇద్దరు స్వతంత్ర సాక్షులు ఉండాలి. ఆ సాక్షులు హైదరాబాద్ వీధిలోని వాళ్లు కాకుండా శక్కర్‌నగర్ వాళ్లైతే ఎట్లుంటదో ఆలోచించండి.

ఇక వార్షిక సమావేశం. రిజిస్టర్డ్ ఆఫీస్ ఉన్న ఊళ్లోనే పెట్టాలన్నది రూలు. లిస్ట్ కాని కంపెనీకి ఒక సందు ఉంది: వాటాదార్లు అందరూ ముందే రాసిస్తే దేశంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ప్రభుత్వ కంపెనీకి ఇంకో సందు: కేంద్రం ఒప్పుకుంటే చోటు మార్చుకోవచ్చు.

మొదటి సందులో ఉన్న మాట మళ్లీ చదవండి. అందరూ రాసివ్వాలి. అంటే ఎడపల్లి వాడలో ఒక చెరకు కార్మికురాలి చేతిలో ఒక్క వాటా ఉండి, ఆమె సంతకం పెట్టకపోతే, ఆ సమావేశం హైదరాబాద్‌కు పోదు. డైరెక్టర్లే కారెక్కి బోధన్ రావాలి. ఆమె ముందు కూర్చుని లెక్క చెప్పాలి.

ఆఫీసును బోధన్ నుంచి మళ్లీ తరలించాలన్నా ప్రత్యేక తీర్మానం కావాలని పైన చెప్పుకున్నాం. కార్మికులు, చెరకు రైతుల చేతిలో కలిపి 26 శాతం ఓట్లు ఉండి, అందరూ వద్దని ఓటేస్తే ఆ తీర్మానం పడిపోతది. ఇంకా గట్టి తాళం కావాలంటే కంపెనీ పుట్టేటప్పుడే దాని నియమావళిలో పెట్టుకునే దారి ఉంది. ప్రత్యేక తీర్మానం కంటే కఠినమైన షరతు పెట్టడానికి సెక్షన్ 5 ఒప్పుకుంటది.

ఇదంతా అత్యాశ అనుకునేటోళ్లు కొత్తగూడెం దిక్కు చూడండి. సింగరేణి బొగ్గు మీద తొలి హక్కు 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీది. బొగ్గు ఇక్కడిది, కంపెనీ లండన్‌ది. 1920లో సింగరేణి కాలరీస్ ఇక్కడి కంపెనీగా నమోదైంది. ఇవాళ దాని రిజిస్టర్డ్ ఆఫీస్ కొత్తగూడెం కాలరీస్. హైదరాబాద్‌లో సింగరేణి భవన్ ఉంది, నిజమే. కానీ కంపెనీ ఇల్లు బొగ్గు దగ్గర ఉంది. సింగరేణిలోనూ 51, 49 శాతాల లెక్కే. అక్కడ 51 రాష్ట్రానిది, 49 కేంద్రానిది. మన చక్కెరలో 51 ప్రైవేటుకు పోయింది. మన కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ కార్పొరేట్ ఆఫీసు కూడా హనుమకొండలో ఉంది. కరెంటు కంపెనీ హైదరాబాద్ లేకుండా బతుకుతున్నప్పుడు చక్కెర కంపెనీ ఎందుకు బతకదు?

అందుకని కమిటీకి ఇచ్చే ప్రతి వినతిపత్రంలో ఈ మూడు డిమాండ్లు రాయండి.

ఒకటి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీస్ బోధన్‌లో ఉండాలి, దాన్ని తరలించకుండా నియమావళిలోనే తాళం పడాలి.

రెండు, కార్మికులకు, రైతులకు కలిపి 26 శాతానికి తగ్గకుండా వాటా ఉండాలి. కార్మికుల వాటాను భూమితో ముడిపెట్టొద్దు, చేసిన పనితో ముడిపెట్టాలి. సీజన్ కూలీకి, చెరకు నరికే ఆడమనిషికి కూడా అది దక్కాలి.

మూడు, మేస్త్రి నోటుబుక్కు పోవాలి. పనిచేసిన ప్రతి మనిషి పేరు కంపెనీ రిజిస్టర్‌లో ఎక్కాలి. రెండో డిమాండ్ నిలబడేది దీని మీదనే.

తమ్ముడూ, పాఠం బాగా చదువు. కంపెనీల శాఖ పోర్టల్‌లో ఏ కంపెనీ పేరు కొట్టినా దాని రిజిస్టర్డ్ అడ్రస్ కనపడతది. కంపెనీ గుర్తింపు నంబర్‌లో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఏడు, ఎనిమిది స్థానాల్లో ఉన్న రెండు అక్షరాలు దాని ఇల్లు ఏ రాష్ట్రమో చెప్తాయి. మీ నాయన పనిచేసే మిల్లుది, మీ అక్క పనిచేసే మాల్‌ది, నీ ఫీజు కట్టించుకునే కాలేజీ వెనక కంపెనీ ఉంటే దానిది, మూడూ వెతికి చూడు. గేటు ఎక్కడుంది, ఇల్లు ఎక్కడుంది, నడుమ ఎంత దూరముందో రాసుకో.

ఆ దూరం కొలవడం నేర్చుకుంటే నీకు మార్కులు ఎట్లాగూ వస్తాయి. మనకు కావాల్సింది ఆ దూరం తగ్గడం.

వచ్చే భాగంలో మేస్త్రి నోటుబుక్కు గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.