పొదుగని పెట్టతో జాతి నిలుచునా?

నాటుకోళ్లను ఇంట పెంచవలెనను కోరిక మనవారిలో మరల కలుగుచున్నది. సంతలో నాటుకోడి గ్రుడ్డునకును మాంసమునకును ఫారము సరకుకంటె హెచ్చు వెల పలుకుట దానికొక కారణము. పిల్లలకు ప్రాణులయెడ శ్రద్ధ కలుగునని తలిదండ్రులు తలంచుట మరియొకటి. రెండును మెచ్చదగినవే. అయితే మనవారు కొని తెచ్చునదేమి? ఎక్కడనో యంత్రములో పొదిగింపబడిన ఒకనాటి పిల్లలను, లేనిచో చూపునకు సొంపైన ఒక పుంజును. ఆ పిల్లలు పెరుగును, కొన్నాళ్లు గ్రుడ్లు పెట్టును, పిమ్మట కూరయగును. మరుసటి యేడు మరల సంచి పట్టుకొని సంతకు పోవుటయే. ఇట్లు చేయుట కోళ్లను పెంచుట కావచ్చును గాని జాతిని నిలుపుట కానేరదు. జాతి నిలుచుట, ఇరువదియొక్క దినములు గ్రుడ్లపై కదలక కూర్చుండు పెట్టమీద ఆధారపడియున్నదని నా యభిప్రాయము. ఆ పెట్టనే మనము మరచుచున్నాము.

మన తెలుగునాట పుంజునకు గల గౌరవము ఇంతంత కాదు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, పింగళ అని ఈకల రంగులనుబట్టి పుంజుల పేర్లను బడిపిల్లవాడైనను వల్లించును. పుంజుల రంగులకును తిథివారములకును ముడిపెట్టి జయాపజయములు చెప్పు కుక్కుటశాస్త్రము గలదు. పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయని కోడికిని నాగమ్మ కోడికిని జరిగిన పోరు ఎరుగని తెలుగువా డుండడు. ఆ పుంజులు ఏ పెట్ట రెక్కలక్రింద పెరిగినవో అడిగినవా డొక్కడు లేడు.

కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థవారు మన దేశపు కోళ్ల జాతులను పరీక్షించి పట్టికలో చేర్చుచుందురు. ఆ పట్టికలో అసీలుతోపాటు కాళస్థి, ఘాగస్, దంకి యను జాతులును ఆంధ్రదేశమునకు సంబంధించినవిగా నమోదైయున్నవి. అసీలు పేరు లోకమంతట తెలిసినది. తక్కిన మూటి పేర్లు మన విద్యార్థులలో ఎందరు వినియుందురో సందేహమే. జూదములో పేరుపడిన జాతి పేరే నిలిచినది.

పొదుగు గుణము కోళ్లనుండి ఎట్లు తొలగునో తెలిసికొనదగినది. పెట్ట పండ్రెండు పదునైదు గ్రుడ్లు పెట్టిన పిమ్మట దాని దేహములో ప్రొలాక్టిన్ అను రసము హెచ్చును. గ్రుడ్లు పెట్టుట మానును. రొమ్ము క్రింది ఈకలు రాలి చర్మము బయలుపడి వేడిమి నేరుగా గ్రుడ్లకు తగులును. పొదుగునపుడు మూడు వారములు, పిల్లలను త్రిప్పునపుడు మరికొన్ని వారములు ఆ పెట్ట గ్రుడ్డు పెట్టదు. కనుకనే నాటుపెట్ట యేడాదికి సుమారు 50, 60 గ్రుడ్లకు మించి పెట్టుట యరుదు. గ్రుడ్ల వర్తకునకు ఇది నష్టముగా తోచెను. అతడు పొదుగునకు వచ్చు పెట్టలను తరతరమునకు ఏరివేసి, రానివానిని నిలుపుకొనెను. ఇటలీలోని లివోర్నో రేవు పేరిట ప్రసిద్ధమైన తెల్ల లెగ్‌హారను జాతి అట్లు తీర్చబడినదే. దాని సంతతి నేడు యేడాదికి 300 గ్రుడ్లు పెట్టుచున్నది. పొదుగుట మాత్రము దాదాపుగా మరచినది. దాని పిల్లలకు యంత్రమే తల్లి.

ఈ విషయములో మిషనులకును సంబంధము కలదు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఉత్తర ప్రదేశములోని ఏటాలోను, తమిళనాడులోని కాట్పాడిలోను మిషనువారు కోళ్ల క్షేత్రములు నెలకొల్పి, సీమజాతి పుంజులను తెప్పించి పల్లెకోళ్లతో సంకరము చేయించిరి. బీదవాని యింట గ్రుడ్లు పెరుగవలెనను వారి తలంపు ఉత్తమమైనది. పల్లెటూరి బిడ్డకు అందిన ప్రతి గ్రుడ్డును మేలే. నే డా పనిని ప్రభుత్వ సంస్థలు సాగించుచున్నవి. హైదరాబాదులోని రాజేంద్రనగరమున గల కోళ్ల పరిశోధనాలయమువారు తీర్చిన వనరాజా, గ్రామప్రియ యను రకములు పెరటిలో తిరిగియు నాటుకోడికంటె రెట్టింపునకు మించి గ్రుడ్లు పెట్టగలవు. గ్రుడ్లే కావలసిన కుటుంబము వానిని పెంచుటలో తప్పు లేదు. కాని వాని గ్రుడ్లను పొదిగించిన యెడల పుట్టు పిల్లలకు తల్లిదండ్రుల గుణములు సరిగా రావు. అవి పొదుగుటకును తగినవి కావు. వానిని నాటుకోళ్లని నమ్మి కొనుటయు, నాటుకోళ్లతో కలిపి ఒకే పెరటిలో విడుచుటయు జాతికి చేటు. ఒక్క సంకరపు పుంజు రెండేండ్లలో వీధివీధి కోళ్లను మార్చివేయగలదు.

"యంత్రముండగా పెట్టకై ఇంత తాపత్రయమేల?" యని కొందరు మిత్రు లడుగుదురు. యంత్రమును నేను దూషింపను. ఈజిప్టువారు రెండువేల యేండ్లకు పూర్వమే మట్టి యావములలో వేలకొలది గ్రుడ్లను పొదిగించిరి. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రెయోమూరు 1749లో ఈ విద్యపై గ్రంథమే ప్రకటించెను. నేడు చిన్న పెట్టె యంత్రము మధ్యతరగతివారికిని అందుబాటులోనిదే. పెట్ట నడుమ లేచిపోయినపుడో, పాము కరచి చచ్చినపుడో అది గ్రుడ్లను కాపాడును. అయితే అది 37.5 డిగ్రీల వేడిమిని ఎడతెగక నిలుపవలెను. విద్యుత్తు రెండు మూడు గంటలు పోయిన యెడల యజమానికి నిద్ర యుండదు. నా అసలు ఆక్షేపణ వేఱు. యంత్రము మంచి తల్లి గ్రుడ్డునకును చెడు తల్లి గ్రుడ్డునకును భేదము నెంచదు. పెట్టయే పొదిగినచో, గ్రుడ్లను విడిచి పరుగెత్తు పెట్టకు సంతానము మిగులదు. ఓర్చి కూర్చున్నదాని సంతానమే పెరటిలో తిరుగును. ఏ పట్టికయు వ్రాయకుండ, ఏ చదువును లేకుండ మన ముత్తవ్వలు జాతిని ఏర్చి నిలిపిన విధ మిదియే. అన్నిటిని యంత్రములోనే పొదిగించిన యింట ఈ యేరుకోలు ఆగిపోవును. నాటుకోడి ఈకలలో మాత్రమే నాటుకోడిగా మిగులును.

పొదుగునకు వచ్చిన పెట్టను నీళ్లలో ముంచుట, ముక్కున ఈక గ్రుచ్చుట, కాలు కట్టి ఎండలో పడవేయుట కొన్ని యిండ్లలో వాడుక. పది గ్రుడ్లకై ఆశపడి చేయు ఈ పని క్రూరమైనది, తెలివిగలదియు కాదు. ఆ పెట్ట చూపుచున్నది దోషము కాదు, దాని సొమ్ము.

పొదిగించుట యెట్లో చూతము. ఇదివరలో ఒకసారి పిల్లలను చక్కగా త్రిప్పిన పెట్టను ఎన్నుకొనవలెను. మరీ బరువైన అసీలు పెట్ట గ్రుడ్లను చితుకద్రొక్కవచ్చును గనుక దానిక్రింద తక్కువ గ్రుడ్లుంచవలెను. గ్రుడ్లు ఏడు దినములకు లోపలివి, పెంకు పగుళ్లు లేనివి, మధ్యరకపు పరిమాణము గలవి కావలెను. వానిని కడుగరాదు, శీతలయంత్రములో పెట్టినవి పనికిరావు. సన్నని కొన క్రిందుగా నుంచి చల్లని చీకటిచోట దాచవలెను. వేసవిలో మూడు నాలుగు దినములకు మించి నిలువ చేయరాదు. మన యిండ్ల ఉక్కకే లోపలి పిండము కొంత కదలి, పిమ్మట నశించును. గంపలో అడుగున బూడిద కలిపిన ఊక పోసి, పైన వరిగడ్డి గుంటగా పరచి, నాలుగు వేపాకులు వేసినచో పేలు తగ్గును. పది పండ్రెండు గ్రుడ్లు చాలును. బేసిసంఖ్యయే పెట్టవలెనని పెద్దలందురు. ఉరుములకు గ్రుడ్లు చెడకుండ ఇనుపముక్కయు బొగ్గును ఉంచువారును కలరు. వానివలన లాభమును లేదు, హానియు లేదు; అవ్వతో వాదింపబనిలేదు.

పెట్టను చీకటిపడిన తరువాత కూర్చుండబెట్టవలెను. దినమున కొకసారి అది లేచి, మేసి, నీరు త్రాగి, దుమ్ములో పొర్లి కొంతసేపటికి తిరిగి వచ్చును, దానిని తరుమరాదు. ఏడవనాటి రాత్రి చీకటిగదిలో గ్రుడ్డువెనుక దీపము పట్టి చూచినచో, ప్రాణమున్న గ్రుడ్డులో సాలెపురుగు కాళ్లవలె ఎఱ్ఱని నరములు కానవచ్చును. ఏమియు లేక తేటగానున్న దానిని తీసివేయవలెను, లేకున్న మురిగిపోవును. బడిపిల్లలు తప్పక చూడవలసిన దృశ్యమిది. పదునెనిమిదవనాటి నుండి చేయి పెట్టరాదు. గ్రుడ్డులోని పిల్ల గాలి అరలోనికి ముక్కు పొడిచి కిచకిచలాడును. తల్లి మెల్లగా బదులు పలుకును. చెవి యొగ్గి వినినవారికి అది తెలియును. పుట్టిన పిల్లకు కడుపులోనికి పోయిన పచ్చసొన రెండు దినములు ఆహారమగును గనుక నూకలు చల్లుటకు తొందర వలదు.

పుంజు మాట యొకటి మిగిలినది. పందెములే అసీలు జాతిని బ్రదికించినవని వాదించువారు గలరు. పందెముల ధనము ఆ జాతికి పేరు తెచ్చెననుట నిజమే. కాని కత్తి కట్టిన పోరులో గెలిచినదానినే మేలుజాతి యనుట, పోరుకై పరదేశపు పుంజుల రక్తమునైనను కలుపుట జాతిరక్షణ యెట్లగును? 1960 నాటి ప్రాణిహింసా నివారణ చట్టము జంతువులను పోరునకు పురికొల్పుటను నేరముగా నెంచినది. పిల్లలను చదివించు మనము ఆ వాదమును ఇంట చెప్పుకొనరాదు. పెరటికి కావలసిన పుంజు ఆరోగ్యవంతమై, పెట్టలయెడ సాధువై, మంచి పొదుగుపెట్ట కడుపున పుట్టినదై యుండవలెను. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. అన్నచెల్లెండ్ర కలయిక తరములకొలది సాగినచో గ్రుడ్లు చొట్టపోవును, పిల్లలు క్షీణించును. కావున రెండేండ్ల కొకసారి పొరుగూరి బంధువులతో పుంజును మార్చుకొనుట మేలు. పాతపుంజు సంబంధము రెండు మూడు వారములు పెట్టలో నిలుచును గనుక ఆ తరువాతి గ్రుడ్లనే పొదుగ వేయవలెను.

కొక్కెర తెగులు వచ్చినచో ఈ శ్రమయంతయు ఒక్క వారములో బూడిదయగును. మన దేశమున 1927లో రాణిఖేతులో కనబడుటచే దానికి ఆ ఊరి పేరే వచ్చినది. పుట్టిన ఐదు మొదలు ఏడు దినములలో లసోటా టీకాను కంటిలో ఒక చుక్క వేసి, నాలుగవ వారమున మరల వేసి, ఎనిమిదవ వారమున సూదిమందు వేయించవలెను. టీకా సీసా తెరచినచో పలు పిల్లలకు సరిపోవును గనుక వీధిలోని నాలుగిండ్లవారు కలిసి ఒకేనాడు వేయించుకొనుట సులువు.

అందుకే ఇరుగుపొరుగువారు తమ పెట్టలను ఒకేరాత్రి కూర్చుండబెట్టుట మంచిది. ఒక పెట్ట గ్రుడ్లు సగము చెడినను, పుట్టిన పిల్లలను ఆ రాత్రియే రెండవ పెట్ట రెక్కలక్రింద చేర్చవచ్చును; తెల్లవారునప్పటికి అది అన్నిటిని తనవిగానే పిలుచును. కార్తికము మొదలు మాఘము వరకు మన ప్రాంతమున దీనికి అనువైన కాలము.