సోయా తింటే ఏమైతది?



"సోయా తినకు, మగతనం పోతది" అనే మాట మీ చెవిన కూడా పడే ఉంటది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో గోండు, కొలాం రైతులు ఏళ్లుగా సోయా పండిస్తున్నారు. పండిన గింజ మార్కెట్‌కు పోతది. నూనె పిండినాక మిగిలిన పిండి మీల్ మేకర్ అయి తిరిగొస్తది. కిరాణా కొట్లో అమ్మేదీ, ఉట్నూరు అంగట్లో అమ్మేదీ అదే. మన చేన్ల పండే పంట గురించి మనకే సరిగ్గా తెలవకపోతే ఎట్ల?

ముందు మగతనం సంగతి చూద్దాం. సోయాలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలున్నయి. అవి ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటయి. భయం అక్కడ పుట్టింది. 2008లో అమెరికాలో 60 ఏళ్ల ఒకాయనకు రొమ్ములు పెరిగాయని వైద్య పత్రికలో వచ్చింది. ఆయన రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగేవాడు! వారానికోసారి మీల్ మేకర్ కూర తినేవాళ్లకు ఆ లెక్క వర్తించదు. 2021లో 41 పరిశోధనలను కలిపి చూస్తే, సోయా వల్ల మగవాళ్ల టెస్టోస్టెరాన్ మారలేదని తేలింది.

అసలు జాగ్రత్తలు వేరే ఉన్నయి.

పచ్చి సోయా తినొద్దు. మాంసకృత్తులను అరగనీయని గుణం పచ్చి గింజలో ఉంటది. నానబెట్టి మెత్తగా ఉడికిస్తే అది చాలావరకు పోతది. విత్తగా మిగిలిన రంగు గింజలు మాత్రం ఉడికించినా ముట్టొద్దు, వాటికి మందు పట్టించి ఉంటది.

థైరాయిడ్ గోలీ వాడేవాళ్లు గోలీకీ సోయాకీ కొన్ని గంటల ఎడం పెట్టాలి. లేకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు.

రక్తం తక్కువున్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి: సోయాలోని ఫైటేట్లు ఇనుమును ఒంటికి సరిగ్గా అందనీయవు. కూర మీద నిమ్మకాయ పిండుకోండి, అన్నం తినంగనే చాయ తాగకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది చిన్న సంగతి కాదు.

సోయా తిన్నాక దద్దుర్లు లేచినా, మూతి వాచినా మళ్లీ తినకుండా డాక్టర్‌కు చూపించండి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా దవాఖానకు పరుగెత్తాలి.

సోయాలో బలం ఉంది. 100 గ్రాముల గింజల్లో దాదాపు 36 గ్రాముల మాంసకృత్తులుంటయి, కందిపప్పులో 22 దాకా ఉంటయి. కాబట్టి హాస్టల్ కూరలో మీల్ మేకర్ కనిపిస్తే భయపడకండి. కానీ పప్పు, గుడ్డు, ఆకుకూర తీసేసి రోజూ అదొక్కటే పెడితే మాత్రం తప్పక అడగండి.

నా భయం పళ్లెంలో ఉన్న సోయా గురించి కాదు, పళ్లెంలో లేకుండా పోతున్నవాటి గురించి. జొన్నల నడుమ కంది, పెసర, మినుము వేసిన చేను ఇంటికి ఏడాది తిండి పెట్టేది. సోయా, పత్తి డబ్బులిస్తయి. ఆ డబ్బులు అప్పులకే పోతే ఇంట్లోకి పప్పు ఎక్కడిది? ఇక్రిశాట్ తోడ్పాటుతో ఉట్నూరు ప్రాంతంలో నడిచిన గిరి పోషణలో జొన్న, చిరుధాన్యాల తిండి పెట్టారు. మన తిండితోనే మన పిల్లలకు పోషణ ఇవ్వొచ్చని ఆ పథకం చెప్పింది.

1996 పెసా చట్టం మన గ్రామసభకు బలమిచ్చింది. అంగన్‌వాడీలో, ఆశ్రమ పాఠశాలలో పిల్లలు ఏం తింటున్నరో వచ్చే గ్రామసభలో అడుగుదాం. ఈ వానాకాలం సోయా చేన్ల నాలుగు సాళ్లయినా కంది పెడదాం.