పిట్టగోడ లేని వీధులు

2019 నవంబరు 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ కూడలిలో ఒక మహిళ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. ఆ నెల మొదట్లోనే ప్రారంభమైన పైవంతెన మీది నుంచి ఒక కారు అదుపు తప్పి కింద పడింది. ఆమె ప్రాణం పోయింది. గంటకు 40 కిలోమీటర్లు దాటకూడని చోట ఆ కారు వంద దాటిన వేగంతో వచ్చిందని పోలీసులు చెప్పారు. వంతెన మూశారు, నిపుణులు చూశారు, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. కారు వేగాన్ని గూర్చి, వంతెన మలుపును గూర్చి చాలా చర్చ జరిగింది. కింద నిలబడిన మనిషిని గూర్చి జరిగింది తక్కువ.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ప్రసంగాలలో మనం దానిని దాదాపు ఎన్నడూ ముట్టుకోము. క్రొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, అక్కడి నుంచి పడినవాని రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. ఆ కాలంలో జనం పైకప్పుల మీదే పడుకునేవారు, జనుపకట్టెలు ఆరబెట్టేవారు. రాహాబు వేగులవారిని దాచింది అక్కడే గదా. పడినవాడు జాగ్రత్తగా నడిచాడా లేదా అని ధర్మశాస్త్రం అడగలేదు. కట్టినవానినే అడిగింది. మన దేశపు చట్టం ఈ మాటకు చాలా ఆలస్యంగా వచ్చింది: 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 198ఎ సెక్షను ప్రకారం, ప్రమాణాలు పాటించని రోడ్డు వలన మరణమో వైకల్యమో కలిగితే, దానిని రూపొందించిన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా. ఒక ప్రాణానికి లక్ష!

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్లు, ఖాళీ నేల. పాతబస్తీలోలాగా ఇరుకు సందుల సాకు ఇక్కడ లేదు. కొత్తగా గీసుకున్న పటం ఇది. అయినా 2019లో రాయదుర్గం వరకు వచ్చిన మెట్రో దిగి ఆఫీసుకు నడిచేవారికి కాలిబాట కొంతదూరం ఉంటుంది, తర్వాత ఒక ట్రాన్స్‌ఫార్మరు దగ్గరో, ఒక గేటు ర్యాంపు దగ్గరో మాయమవుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 ప్రమాణాలు అడ్డంకి లేని కనీస వెడల్పు 1.8 మీటర్లు ఉండాలంటాయి. వ్యాపార ప్రాంతాలలో ఇంకా ఎక్కువ. కార్లు ఆగకుండా పోవాలి, మనిషి మాత్రం మెట్లెక్కి దిగాలి అనే ఆలోచనతో కట్టిన కాలినడక వంతెనలను కూడా మేము మేలుగా ఎంచలేము. మోకాళ్ల నొప్పితో హౌస్‌కీపింగ్ పనికి వచ్చే అక్క వాటిని ఎక్కదు. రోడ్డుకు అడ్డంగానే నడుస్తుంది.

2022లో దేశమంతటా రోడ్డు ప్రమాదాలలో 32,825 మంది పాదచారులు మరణించారు. 2025 మే 14న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అభయ్ ఓకా, ఉజ్జల్ భూయాన్ (ఈయన మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే) కాలిబాట హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని స్పష్టం చేశారు. కాలిబాటలు దివ్యాంగులకు అనువుగా, ఆక్రమణలు లేకుండా ఉండాలన్నారు.

ఆక్రమణలు అనగానే మున్సిపల్ లారీ టీ బండి దగ్గరికే వెళ్తుంది. ఇది మాకు అంగీకారం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం వారికి స్థలం చూపించమంటుంది. వెడల్పైన కాలిబాట మీద బండికీ, మనిషికీ చోటుంటుంది. అసలు అడ్డం ఎక్కించి నిలిపిన వాహనాలు.

ఇక్కడ మనం కూడా తల వంచుకోవాలి. ఆదివారం ఉదయం మన చర్చిల ముందు కాలిబాట మీద నిలిచేవి విశ్వాసుల కార్లే. చేతికర్రతో ఆరాధనకు నడిచి వచ్చే వృద్ధురాలు వాటిని తప్పించుకుంటూ బస్సుల మధ్యకు దిగుతుంది. ఆవరణలో చోటు చాలకపోతే రెండు కుటుంబాలు ఒక కారులో రావచ్చు, దగ్గరి స్కూలు మైదానాన్ని అద్దెకు అడగవచ్చు. వచ్చే సంఘ కమిటీ కూటములలో భవన నిధి లెక్కలకు ముందు ఈ సంగతి మాట్లాడుకోమని పాస్టర్లను, పెద్దలను మేము అడుగుతున్నాము.