సంకర ఆవుకు శుద్ధజాతి లెక్కలా?

నెత్తురు చుక్క పంపితే చాలు, ఏ పెయ్యను ఉంచుకోవాలో ఏది అమ్మేయాలో జన్యు చిప్ చెప్పేస్తుందని మొన్న మా గోదావరిఖని దగ్గర ఒక పశువైద్య శిబిరంలో మైకు పట్టుకున్న పెద్దమనిషి అన్నాడు. పాడి మీద బతికేవాళ్లు నిజమేనని తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

2024 అక్టోబరు 5న వాశింలో ప్రధాని ఆవులకు గౌచిప్, గేదెలకు మహిష్‌చిప్ విడుదల చేశాక ఈ నమ్మకం మరీ ముదిరింది. చిప్ చదివేది డీఎన్‌ఏలో వేల చోట్ల ఉన్న గుర్తుల్ని. ఆ గుర్తులు పాలివ్వవు. వాటిలో కొన్ని పాలు పెంచే జన్యువు పక్కన ఉంటాయి, అంతే. ఏ గుర్తుకు ఎంత విలువ కట్టాలో, పాల లెక్కలున్న మంద నుంచి గణాంక సూత్రం నేర్చుకోవాలి. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే శాస్త్రవేత్తలు చూపిన దారి ఇదే. తరాల రికార్డులున్న హోల్‌స్టీన్ మందల్లో అది గెలిచింది.

మా దగ్గర ఆ మంద ఏది? ఇక్కడ జెర్సీ ఆవంటే కొంత జెర్సీ, కొంత హోల్‌స్టీన్, మిగతాది ఊరి నాటు. హోల్‌స్టీన్‌లో మేలు జన్యువు పక్కనున్న గుర్తు నాటు ఆవులో దానికి దూరం కావచ్చు. సంకర ఆవులో ఏ ముక్క ఏ జాతి నుంచి వచ్చిందో ముందు తేల్చి, జాతికో విలువ కట్టాలి. అది మానేసి అన్నిటినీ ఒకే సమీకరణంలో కలిపేస్తే, చివరికి కొలిచేది చాలావరకు విదేశీ రక్తం శాతాన్నే. కలగలుపు మందలో అంచనా బ్రహ్మాండంగా సరిపోయినట్టే కనిపిస్తుంది. ఒకే శాతం రక్తమున్న రెండు పెయ్యల్లో ఏది మేలని అడిగితే మాత్రం నమ్మదగ్గ జవాబుండదు. రైతుకు కావలసింది ఆ జవాబే కదా!

పైగా ఎండాకాలం 45 డిగ్రీలు దాటే గడ్డ ఇది. హోల్‌స్టీన్ రక్తం ఎక్కువైన ఆవు ఇక్కడ రొప్పుతుంది, మేత మానేస్తుంది, కట్టు నిలవదు. మేసే బంచరాయి ఓపెన్‌కాస్టు గనుల్లో, మట్టి గుట్టల కింద పోయింది. ఆ సంగతి ఏ శిబిరంలోనూ ఎత్తరు. ఖాళీ కడుపు ఆవుకు ఎంత గొప్ప జన్యువుంటే ఏం లాభం?

దూడ పుట్టగానే తెలిసిపోతుంది, కాలం కలిసొస్తుంది అంటారు. తప్పు జవాబు త్వరగా వస్తే మంచి పెయ్య త్వరగా సంతకు పోతుంది.

నా అసలు కోపం వేరు. చెవికి 12 అంకెల ట్యాగు వేస్తారు, సూది వేసిన తేదీ రాస్తారు. ఆ ఆవు పూటకు ఎన్ని లీటర్లిచ్చిందో మా వాడల్లో రాసే నాథుడు లేడు. డెయిరీ పుస్తకంలో ఉండేది ఇంటిల్లిపాది పశువుల పాలు కలిపిన లెక్క, వెన్న శాతం. ఆవువారీ పాల లెక్క లేకుండా ఏ సూత్రమైనా దేని నుంచి నేర్చుకుంటుంది?

నెలకోసారి రెండు పూటలా పాలు కొలిచే మనుషుల్ని పెట్టండి. ఎంతమందిని, ఏ డబ్బుతో అన్నది శాఖ తేల్చాలి. అప్పటిదాకా, ఈ చిప్ అంచనా మా సంకర ఆవుల్లో ఎంత నిజమైందో, శుద్ధజాతి ఆవులతో కలపకుండా, విడిగా చూపించండి. చూపలేకపోతే మా పెయ్యల్ని అమ్మమని చెప్పకండి.