మూడేళ్ళకో ఇల్లు

బదిలీ మీద కొత్త ఊరు చేరినవాడికి అడగకుండా దొరికేవి రెండు: ఒకటి టీ, రెండోది సలహా. హుజూర్‌నగర్‌లో మొదటి వారంలోనే నాకు రెండూ పుష్కలంగా దొరికాయి. స్టాఫ్ రూములో తోటి లెక్చరర్లు, అటెండరు, కాలేజీ ఎదుట జిరాక్సు తీసే ఆయన, అందరిదీ ఒకటే మాట.

"మూడేండ్లు కిరాయి కట్టుడెందుకు సార్? చిన్న ఇల్లొకటి చూసి కొనరాదు? పోయేటప్పుడు అమ్ముకొని పోవచ్చు. ఉన్నన్ని రోజులు ఇంటికి ఇల్లు, పోయే రోజు పైసలకు పైసలు."

వినడానికి ఎంత సొంపుగా ఉందో చూడండి! ఇంట్లో మా ఆవిడకు ఈ మాట చేరవేసింది నేను కాదు, పక్కవాటా వారు. "ఏమండీ, అందరూ అంటున్నారుగా, ఓసారి చూసి రావడానికి డబ్బులు తీసుకోరు కదా" అన్నది ఆవిడ. చూసి రావడంతో ఆగిన ఇల్లాలిని నేనైతే ఎరుగను.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఈ ఊరివారి సలహా వెనక ఈ ఊరి చరిత్ర ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లాల్‌బహదూర్ పేరు పెట్టుకున్న ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల్లోకి వచ్చిన తర్వాత, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. నాలుగు పంటలు చూసుకుని పోదామని వచ్చినవారి మనవలు ఇవాళ ఇక్కడి ఓటర్లు. రైసు మిల్లులు వచ్చాయి. సున్నపురాయి ఉన్నందుకు మఠంపల్లి, మేళ్ళచెరువుల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటితో పాటు ఎక్కడెక్కడి వారో వచ్చి దిగారు. కొంతకాలానికని వచ్చినవాడు ఇక్కడే ఉండిపోవడం ఈ నేలకు అలవాటు. అందుకే మమ్మల్ని కూడా అదే కళ్ళతో చూస్తారు.

కాని రైతు కొన్నది పొలం. అది ఏటా గింజలిస్తుంది, యజమానిని కట్టి పడేస్తుంది. బదిలీ ఉద్యోగి కొన్న ఇల్లు గింజలివ్వదు. ఉత్తర్వు వచ్చిన రోజున అతన్ని ఆపనూ లేదు. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట జిల్లా విడిపడింది. ఆ తర్వాత 2021 డిసెంబరులో 317 నంబరు జీవో వచ్చి ఉద్యోగులను కొత్త జిల్లాలకూ జోన్లకూ పంచిపెట్టింది. సొంత ఇల్లు ఒక జిల్లాలో, కొలువు ఇంకో జిల్లాలో పడ్డవారు, భార్య ఒక చోట భర్త ఒక చోట పడ్డవారు ఎందరో మీలోనే ఉంటారు. గృహప్రవేశం నాటి మామిడాకులు వాడకముందే సామాను కట్టుకున్నవారిని నేను కళ్ళారా చూశాను.

సరే, లెక్క చూద్దాం. తెలుగు లెక్చరరుకు లెక్కలెందుకని నవ్వకండి. జీతం లెక్క తెలిసినవాడికి ఈ లెక్కా తెలుస్తుంది.

మాటవరసకు ముప్పై లక్షల ఇల్లనుకోండి. 2021 జూలై 22 నుంచి తెలంగాణలో స్టాంపు డ్యూటీ ఐదున్నర శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషను ఫీజు అర, మొత్తం ఏడున్నర శాతం. అంటే 2,25,000 రూపాయలు గడప తొక్కకముందే వెళ్ళిపోయాయి. ఇల్లు అమ్మిన నాడు ఇందులో పైసా తిరిగి రాదు. చేతిలో ఉన్న ఆరు లక్షలు పెట్టి, మిగిలిన ఇరవై నాలుగు లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ వాయిదాల మీద బ్యాంకులో తీసుకున్నారనుకోండి. నెలకు సుమారు 20,800 కట్టాలి. మూడేళ్ళలో కట్టేది ఏడున్నర లక్షలు. అందులో అసలు కింద తీరేది ఎంతనుకున్నారు? లక్షా యాభై ఆరు వేలు! మిగిలిన ఐదు లక్షల తొంభై మూడు వేలు వడ్డీ. వాయిదాల పద్ధతిలో మొదటి ఏళ్ళు వడ్డీవి, చివరి ఏళ్ళు అసలువి. చివరి ఏళ్ళ దాకా ఉండేవాడికి బాధ లేదు. మూడేళ్ళకు లేచిపోయేవాడు వడ్డీ భాగం తాను మోసి వెళ్తాడు.

అలాంటి ఇంటికి నెలకు తొమ్మిది వేలు కిరాయి అనుకుంటే మూడేళ్ళకు 3,24,000. రిజిస్ట్రేషను ఖర్చూ వడ్డీ కలిపి ఎనిమిది లక్షల పద్దెనిమిది వేలు. కిరాయి మిగిలిందని తీసేసినా, దాదాపు ఐదు లక్షలు ఎక్కడి నుంచో రావాలి. అంటే ముప్పై లక్షల ఇల్లు మూడేళ్ళలో ముప్పై ఐదుకు అమ్ముడుపోతే మీరు కిరాయిదారుతో సమానం. మరమ్మతులు, ఇంటి పన్ను, మధ్యవర్తి కమీషను, మీ ఆరు లక్షల మీద రావలసిన వడ్డీ నేను కలపలేదు. రెండేళ్ళు నిండకుండా అమ్మితే వచ్చిన లాభం మీ జీతంతో కలిసి, ఆ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. పైగా చిన్న ఊళ్ళో ఇల్లు కొనేవాడు మీ రిలీవింగ్ ఆర్డరు చూసి పరుగెత్తుకు రాడు. అది చూసి ధర తగ్గిస్తాడు.

"ధరలు పెరగవా సార్?" అంటారు. పెరగవచ్చు. కోదాడ మీదుగా పోయే హైదరాబాదు–విజయవాడ రహదారినే అడగండి. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి తరలినప్పుడు ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం హైదరాబాదుకు, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. కొందరు నలుగురైదుగురు కలిసి విజయవాడలోనో గుంటూరులోనో గదులు అద్దెకు తీసుకున్నారు; కొందరు ధైర్యం చేసి కొన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చేసరికి అమరావతి చుట్టుపక్కల భూములు కొన్నవారి గుండెల్లో రాయి పడింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ ఊపిరి వచ్చింది. ఈ మధ్య ఐదేళ్ళలో అమ్ముకోవలసి వచ్చినవాడి సంగతి ఏమిటి? ఆగగలిగినవాడికే ధర పెరుగుతుంది. బదిలీ అయినవాడికి ఆగే యోగం తక్కువ.

అయితే కిరాయి సుఖమని నేననను. మా శ్రీనాథ కవిసార్వభౌముడు చివరి రోజుల్లో బొడ్డుపల్లిని గుత్తకు తీసుకున్నాడనీ, పంటంతా కృష్ణ తీసుకుపోయిందనీ, ఏడువందల టంకాలు ఎక్కడ తెచ్చి కట్టాలని వాపోయాడనీ చాటువు చెబుతుంది. కనకాభిషేకం చేయించుకున్నవాడికే పరాయి భూమి అంత పని చేసింది. ఇక మనమెంత!

కిరాయి ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి పదకొండు దగ్గర ఆపుతారు. దానితో మన కాపురం కూడా పదకొండేసి నెలల ముక్కలైంది. బెంగళూరులో ఉన్న మనవాళ్ళు భోగ్యమని ఇంకో పద్ధతి చెబుతారు: యజమానికి కొన్ని లక్షలు ఒక్కసారి ఇచ్చి, కిరాయి లేకుండా రెండుమూడేళ్ళు ఉండి, వెళ్ళేటప్పుడు ఆ లక్షలు తిరిగి తీసుకోవడం. కొనడానికీ కిరాయికీ మధ్య రకం. దక్షిణ కొరియాలో ఇదే పద్ధతి జోన్సె అనే పేరుతో దేశమంతా ఉంది. తీరా కొందరు యజమానులు డబ్బు తిరిగి ఇవ్వకపోతే, మోసపోయినవారి కోసం 2023లో అక్కడ ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. డబ్బు మన చేతిలోంచి వెళ్ళాక పద్ధతి పేరు ఏదైతేనేం?

కిరాయి ఇంట్లో అసలు బాధ డబ్బు కాదు. మోటారు పొద్దున ఆరింటికి అరగంటే వేస్తారు. డాబా మీద వడియాలు పెట్టుకోవడానికి అనుమతి కావాలి. చుట్టాలు నాలుగో రోజు కూడా ఉంటే ఇంటావిడ మెట్ల మీద నిలబడి "ఇంకా ఉన్నరా?" అంటుంది. ఇవన్నీ నవ్వుకునేవే. మా ఆవిడ వీటిని ఫోనులో వాళ్ళ అక్కయ్యకు కథలుగా చెబుతుంది.

నవ్వుకోలేనిది ఒకటుంది. ఇల్లు చూడబోయినప్పుడు గదులూ నీళ్ళూ అయ్యాక, కిరాయి మాటకు ముందు, "ఇంటి పేరేంది సార్?" అని అడుగుతారు. ఇంటి పేరు వారికెందుకు కావాలో అడిగినవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు.

ఇంతకుముందు పనిచేసిన ఊళ్ళో నాతో ఒక ఎకనామిక్స్ లెక్చరరు ఉండేవారు. నేను పైన వేసిన లెక్క ఆయన నిద్రలో కూడా వేయగలరు. బదిలీ మీద వచ్చిన నెలలో పదకొండు ఇళ్ళు చూశారు. మూడు చోట్ల నేనూ వెంట వెళ్ళాను. ఫోనులో "రండి సార్, ఖాళీగానే ఉంది" అన్నవారు, ఇంటి పేరు విన్నాక "మా తమ్ముడు నిన్ననే ఎవరికో మాట ఇచ్చిండట" అన్నారు. మర్నాడు కాలేజీకి వెళ్తూ చూస్తే టూలెట్ బోర్డు గేటుకు అలాగే వేలాడుతున్నది. ఆయన పిల్లవాడు పదేళ్ళవాడు. ఆ బోర్డును గట్టిగా చదివి, "నాన్నా, ఖాళీ ఉందిగా" అన్నాడు. ఆయన స్కూటరు ఆపలేదు.

ఇది ఒక్క మా ఊళ్ళ సంగతి అనుకోకండి. సుఖదేవ్ థోరట్ గారూ మరికొందరూ ఢిల్లీ పరిసరాల్లో చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. అగ్రవర్ణాల పేర్లతో ఇల్లు అడిగినవారికంటే దళితుల పేర్లతో, ముస్లిముల పేర్లతో అడిగినవారికి లేదన్న జవాబు ఎక్కువగా వచ్చింది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరుపేరునా చెప్పి ఎవరినీ అడ్డగించరాదన్నది. వాటా ఇంటి గడప ఆ వరసలో లేదు.

ఐదో వారంలో ఆయన ఊరి చివర రెండు గదుల ఇల్లు పద్దెనిమిది లక్షలకు కొన్నారు. రిజిస్ట్రేషనుకే 1,35,000 అయింది. స్టాఫ్ రూములో మావాళ్ళు, "మూడేళ్ళకు ఇల్లేమిటి, ఎకనామిక్స్ చదివి కూడా" అని వెనక నవ్వుకున్నారు. ఆయనకు ఆ నవ్వు వినపడిందనే నా అనుమానం. 2024 బదిలీల్లో మళ్ళీ కదలవలసి వచ్చి పద్దెనిమిదిన్నరకు అమ్మేశారు. సామాను ఎక్కించే రోజు నేను వెళితే, లారీ పక్కన నిలబడి జేబులోంచి కాగితం తీసి లెక్క చూపించారు. వడ్డీతో కలిపి నష్టం రూపాయల్లో సహా రాసుకున్నారు.

"ఇదంతా కిరాయే అనుకున్నాను సార్. కొంచెం ఎక్కువ కట్టాను" అన్నారు.

నేను హుజూర్‌నగర్‌లో కిరాయి ఇంట్లోనే దిగాను. నా ఇంటి పేరు విని ఇక్కడి ఇంటాయన తలుపు బార్లా తీశాడు. ఆ తలుపు అందుకే తెరుచుకున్నదని తెలిసి లోపలికి వెళ్ళడం ఏమంత బాగుండలేదు. ఒప్పందం పదకొండు నెలలకే రాసుకున్నాం. వడియాలకు అనుమతి దొరికింది.

మొన్న ఆ మిత్రుడు ఫోను చేశారు. కొత్త ఊళ్ళో ఆరు ఇళ్ళు చూశారట. మాటల మధ్యలో, మీ వైపు బ్యాంకులో ఇంటి లోను వడ్డీ ఇప్పుడెంత ఉందో కాస్త కనుక్కుని చెప్పమన్నారు.