టైకి బదులు బోలో!

మెడ చుట్టూ అల్లిన తోలు తాడు. దాని మీద పైకీ కిందికీ జారే వెండి బిళ్ల, బిళ్ల మధ్యలో నీలిరంగు రాయి. తాడు కొసలకు రెండు లోహపు ములుకులు. కాలరు కిందుగా వేసుకుని బిళ్లను గొంతు దాకా జరిపితే చాలు, టై కట్టుకున్నట్టే! ముడి వేసే పని లేదు, ఒక కొస పొడుగై మరో కొస పొట్టిదైందని అద్దం ముందు అవస్థ పడక్కర్లేదు. దీని పేరు బోలో టై. అమెరికాలోని అరిజోనా, న్యూమెక్సికో, టెక్సస్‌ రాష్ట్రాల్లో పెళ్లికైనా ఆఫీసుకైనా దీన్నే వేసుకునే పెద్దమనుషులు ఉన్నారు. డాలస్‌లో ఉన్న మేనమామ సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన ఇలాంటిదొకటి వచ్చిందనుకోండి. దాన్ని మనవాళ్లు ఎక్కడ వేసుకోవాలి? అసలు వేసుకోవచ్చా?

ముందు మన ఊళ్లలో టై కట్టేది ఎవరో చూడాలి. కాన్వెంటు పిల్లలు కడతారు, అదీ ఎలాస్టిక్‌ది. మండుటెండలో డాక్టరు గది బయట బ్యాగు పట్టుకుని నిలబడే మెడికల్‌ రెప్రజెంటేటివ్‌ కడతాడు. పెళ్లి రిసెప్షన్‌లో కొత్త పెళ్లికొడుకు కడతాడు. క్యాంపస్‌ ఇంటర్వ్యూ రోజు ఇంజినీరింగ్‌ కుర్రాళ్లు కడతారు. గమనించారో లేదో, వీళ్లంతా ఎవరి పిలుపు కోసమో ఎదురుచూస్తున్నవాళ్లే! లోపల కూర్చుని పిలిచేవాళ్లలో టై లేనివాళ్లే ఎక్కువ.

మదనపల్లె పక్కనే ఉన్న అంగళ్లునే తీసుకోండి. ఒకవైపు టమోటా మార్కెట్‌కు వచ్చే బండ్లు, మరోవైపు కాలేజీ బస్సులు. మదనపల్లె ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టెక్నాలజీ అండ్‌ సైన్స్‌ 1998లో మొదలైంది ఇక్కడే. ఇలాంటి ఊళ్లలో చదువుకునే పిల్లల్లో ఇంట్లో ఎవరూ ఏనాడూ టై ముఖం చూడనివాళ్లు చాలామందే ఉంటారు. నాయన మెడలో తువ్వాలుంటుంది, తాత భుజం మీద కండువా ఉంటుంది. ఆ ఇంటి నుంచి వచ్చిన కుర్రాడు మొట్టమొదటిసారి టై కట్టేది జీవితంలో అతి ముఖ్యమైన అరగంట కోసం. హాస్టల్లో ముడి వేయడం వచ్చినవాడు ఒక్కడుంటే ఆ పూట వాడే హీరో. పది మందికి ముడులు వేసి, విప్పకుండా మెడలోంచి తీసి చిలక్కొయ్యకు తగిలించుకోమని చెబుతాడు. మర్నాడు లోపలికెళ్లిన కుర్రాడికి అడిగిన ప్రశ్న సగమే వినపడుతుంది. మిగతా సగం ధ్యాస గొంతు దగ్గరే!

అలాంటివాడికి ఈ జారుడు బిళ్ల వరంలా కనిపించడంలో వింతేముంది? మరైతే ఇంటర్వ్యూకి వేసుకెళ్లొచ్చా? ఆ సంగతి తేలాలంటే అది పుట్టిన చోటికి ఓసారి వెళ్లి రావాలి.

అరిజోనాలోని వికెన్‌బర్గ్‌ అనే చిన్న ఊళ్లో విక్టర్‌ సెడర్‌స్టాఫ్‌ అనే వెండి పనివాడు ఉండేవాడు. 1940ల్లో ఓ రోజు గుర్రం మీద పోతుంటే గాలికి టోపీ ఎగిరిపోయిందట. టోపీకి చుట్టిన వెండి కట్టున్న పట్టీ పోగొట్టుకోవడం ఇష్టంలేక తీసి మెడలో వేసుకున్నాడట. పక్కనున్న స్నేహితుడు 'టై భలే ఉందే' అన్నాడట. అదీ కథ. ఆయనకంటే ముందే ఆ ప్రాంతాల్లో మెడ రుమాలుకు బిళ్ల తొడిగే అలవాటు ఉందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా జారుడు బిళ్ల అమరికకు సెడర్‌స్టాఫ్‌ 1959లో పేటెంటు సంపాదించాడు. పేరేమో దక్షిణ అమెరికాలో పశువుల కాపరులు విసిరే 'బోలా' తాడు నుంచి వచ్చింది. పరుగెత్తే పశువు కాళ్లకు చుట్టుకుని పడేసే తాడది!

నవాహో, హోపీ, జూనీ తెగల కంసాలులు ఆ బిళ్లను అందుకున్నాక దాని దశ తిరిగింది. వాళ్ల వెండి పనీ, నీలి రాళ్లూ చేరి అదో ఆభరణమైంది. 1971లో అరిజోనా దాన్ని రాష్ట్ర అధికారిక కంఠాలంకారంగా ప్రకటించింది. 2007లో న్యూమెక్సికో, టెక్సస్‌ కూడా అదే పని చేశాయి. అంటే అక్కడ బోలో వేసుకున్నవాడు టై ఎగ్గొట్టినవాడు కాదు. తమ నేల తాలూకు టై కట్టినవాడు! మన పెద్దాయన కండువా వేసుకుని సభకు వచ్చినట్టన్నమాట.

ఇక్కడే వచ్చింది చిక్కు. అదే తాడు అంగళ్లు కుర్రాడి మెడలో కనబడితే చూసేవాళ్లకు అరిజోనా గుర్తురాదు. తాయెత్తు గుర్తొస్తుంది! 'మొలతాడు మెడకెక్కిందేంరా అబ్బోడా' అని అవ్వ అడిగినా అడుగుతుంది. ఇంటర్వ్యూ చేసే అధికారికి అది సినిమా వేషంలానో తలబిరుసులానో తోచవచ్చు. సొంత ఊళ్లో గౌరవం తెచ్చే వస్తువుకు పరాయి ఊళ్లో సంజాయిషీ చెప్పుకోవాలి. ఇంటర్వ్యూలో సంజాయిషీకి టైమెక్కడుంటుంది? కాబట్టి ఆ అరగంటకు బోలో వద్దు. కంపెనీ టై తప్పనిసరి అనకపోతే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పై గుండీ పెట్టుకుని వెళ్తే చాలు. తప్పనిసరి అంటే సాదా రంగు టైతో వారం ముందు నుంచే ముడి సాధన చెయ్యాలి. నాలుగు మడతల మామూలు ముడి చాలు, పట్టుబడితే ఒక్క సాయంత్రంలో వస్తుంది.

'పెద్ద సభల్లోనే ఇలాంటివి ఒప్పుకుంటున్నారుగా' అని అడిగేవాళ్లుంటారు. నిజమే, కాకపోతే ఊరికే ఒప్పుకోలేదు. న్యూజిలాండ్‌ పార్లమెంటులో 2021 ఫిబ్రవరిలో మావోరీ పార్టీ నాయకుడు రావిరి వైటిటి టై లేకుండా, తమ జాతి సంప్రదాయ పచ్చరాతి పతకాన్ని తాడుతో మెడలో వేసుకుని వచ్చాడు. అదే తన టై అన్నాడు. స్పీకరు ఆయన్ని బయటికి పంపించారు. గొడవ లోకమంతా పాకింది. మర్నాటికల్లా టై తప్పనిసరి కాదని స్పీకరే ప్రకటించాల్సి వచ్చింది. కానీ ఆయన ఎన్నికై వచ్చిన సభ్యుడు. బయటికి పంపినా సీటు పోదు. ఉద్యోగం కోసం వచ్చిన కుర్రాడికి ఆ ధీమా ఎక్కడిది?

ఇక సౌఖ్యం మాట. టై అంటే ఉక్కపోత, బోలో అయితే హాయి అనుకుంటారు చాలామంది. నిజానికి ఉక్కపోతకు అసలు కారణం టై గుడ్డ కాదు, మూసిన పై గుండీ. బోలోను పద్ధతిగా వేసుకోవాలన్నా ఆ గుండీ పెట్టుకోవాల్సిందే. గుండీ తీసి బిళ్లను కిందికి జార్చి వేసుకోవచ్చుగానీ అప్పుడది షికారు వేషమే. హార్స్‌లీ హిల్స్‌ గాలి తగిలే మదనపల్లెలో ఏదోలా నెట్టుకురావచ్చుగానీ మే నెల విజయవాడలో రెండూ ఒకటే! జపాన్‌వాళ్లు 2005లో ఈ సంగతి గ్రహించే, వేసవిలో టైలు, కోట్లు మానేసి ఏసీ తగ్గించమని ప్రభుత్వం తరఫునే ప్రచారం చేశారు. బదులుగా మరోటి కట్టుకోమని చెప్పలేదు.

బిగుతు మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. టై బిగుతుగా కడితే కంటిలోపలి ఒత్తిడి పెరుగుతోందని 2003లో బ్రిటిష్‌ జర్నల్‌ ఆఫ్‌ ఆఫ్తాల్మాలజీలో ఓ పరిశీలన వచ్చింది. గ్లకోమా ఉన్నవాళ్లు మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచుకోవడం మేలు. ఈ విషయంలో బోలోకు ఓ మార్కు ఎక్కువెయ్యాలి. బిళ్ల జారుతుంది కాబట్టి ఒక్క వేలితో వదులు చేసుకోవచ్చు.

డాక్టర్లకు మాత్రం రెండూ వద్దు. న్యూయార్కులోని ఓ ఆసుపత్రిలో 42 మంది వైద్య సిబ్బంది టైలు పరీక్షిస్తే 20 టైల మీద రోగకారక క్రిములు కనిపించాయని 2004లో వెల్లడైంది. చొక్కా రోజూ ఉతుకుతాం, టైని ఎవరు ఉతుకుతారు? బ్రిటన్‌ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులను చూసేటప్పుడు టై వద్దని 2007లో సూచించారు. బోలో తాడు కూడా వంగగానే రోగి మీదికి వేలాడేదే కదా! చిన్నపిల్లల మెడలోనూ వద్దు. ఆటల్లో ఎవరైనా పట్టి లాగితే ప్రమాదం. పిల్లలకు లాగితే ఊడొచ్చే క్లిప్పు టైయే నయం.

మరి దేనికి పనికొస్తుందయ్యా అంటే, చోట్లున్నాయి. చెల్లెలి పెళ్లి రిసెప్షన్‌, కాలేజీ వార్షికోత్సవం, పాత విద్యార్థుల కలయిక... ఎవరూ ఎవరికీ మార్కులు వేయని చోట్లన్నమాట. వెండి, నీలిరాయే ఉండాలని రూలేమీ లేదు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. ఆ పట్టుదారాన్నే జడలా అల్లితే తాడుకేం లోటు? బిళ్లకు కరీంనగర్‌ వెండి తీగపని ఉంది, బీదరు నల్లలోహం మీద వెండి పొదుగుడు ఉంది. స్కౌటు పిల్లలు స్కార్ఫుకు రింగు తొడుక్కోవడం చూస్తూనే ఉన్నాం, అమరిక మనకేం కొత్త కాదు. అలా ఒకటి చేయించుకుంటే తాయెత్తు అనేవాళ్లు తగ్గుతారు. 'ఇది మా ఊరి పట్టు' అని చెప్పుకోవడానికి ఓ మాటా ఉంటుంది.

వేసుకునేటప్పుడు చొక్కా సాదాగా ఉండాలి. గళ్ల చొక్కా మీద రాళ్ల బిళ్ల పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. తాడు మూడడుగులకు కాస్త ఎక్కువుంటే కొసలు బెల్టుకు కొంచెం పైన ఆగుతాయి. లావుపాటి బంగారు గొలుసు ఉంటే ఆ పూటకు లోపల వేసుకోవాలి. బంతి భోజనాల దగ్గర మాత్రం కొసలను చొక్కా జేబులో దోపుకోవడం మర్చిపోకూడదు. విస్తరి మీదికి వంగారంటే ఆ ములుకులు నేరుగా రసంలోకే దిగుతాయి.